తెరుచుకోని టాపు

ఇరవై రెండేళ్ళుగా నా మనసులో ఒక అనుమానం ఉంది. చూడబోతే చిన్నదే. ఒక స్టీలు డబ్బా గురించి.

మా పెళ్ళికి మేనత్త పెట్టిన డబ్బా అది. ఆరుగురికి సరిపడా పులిహోర పడుతుంది. మూత మీద నా పేరు, పెళ్ళి తేదీ చెక్కించి ఇచ్చింది. ఇరవై రెండేళ్ళ కిందట ఒకరోజు పొద్దున్నే మా ఆయన వంటింట్లోకి వచ్చి, "రత్నం, కాస్త పులిహోర కలిపి పెట్టు. తెలిసినవాళ్ళకి ఇవ్వాలి," అన్నారు. కలిపి, ఆ డబ్బాలో సర్ది ఇచ్చాను. డబ్బా మళ్ళీ ఇంటికి రాలేదు. మూడుసార్లు అడిగాను. మొదటిసారి "ఇస్తారులే" అన్నారు. రెండోసారి "ఇస్తారన్నాను కదా" అన్నారు. మూడోసారి ఏమీ అనకుండా తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయారు. నాలుగోసారి నేను అడగలేదు.

నా బాధ డబ్బా కోసం కాదు. ఇంటికొచ్చిన గిన్నెను మాలో ఎవరూ ఖాళీగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసి ఇస్తారు. మరి ఇన్నేళ్ళు ఇవ్వకుండా ఉంచుకున్నవాళ్ళు ఎవరు? గుప్పెడు పంచదార లేనివాళ్ళా, నాకు పేరు చెప్పకూడనివాళ్ళా? ప్రతి గురువారం పంజాగుట్ట బాబా గుడిలో కూర్చున్నప్పుడు ఈ మాట అడగాలనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పి గురించి, కూతురి కాన్పు గురించి విన్నవించుకునేసరికి హారతి వేళవుతుంది. డబ్బా గురించి దేవుణ్ణి అడిగితే ఏం బాగుంటుందని లేచి వచ్చేస్తాను.

ఆ అనుమానం మళ్ళీ ఎందుకు రగిలిందో చెబుతాను. మా ఆయన హనుమత్ప్రసాద్ గారు అమీర్‌పేటలో ముప్ఫై ఏళ్ళుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నారు. రెండు పాత చిన్న కార్లు, నేర్పేవాళ్ళ వైపు కూడా బ్రేకు ఉన్నవి. సొంతానికి స్కూటరు తప్ప ఏదీ కొనని మనిషి. అలాంటిది తొమ్మిది రోజుల కిందట మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక నీలం కారు తెచ్చి పెట్టారు. రెండే సీట్లు, గుడ్డ టాపు, బారెడు బానెట్టు. "ఒక క్లయింటుది, పది రోజులు ఉంచమన్నారు," అన్నారు. నిన్న గురువారం గుడి నుంచి వస్తూ పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద రోడ్డు దాటడానికి నిలబడ్డాను. ఆ నీలం కారు నా ముందు నుంచే పోయింది. స్టీరింగు దగ్గర జుట్టు నెరిసిన ఒకావిడ. పక్క సీట్లో మా ఆయన. రాత్రి అన్నం పెడుతూ, సాయంత్రం ఎక్కడికి వెళ్ళారని అడిగాను. "సనత్‌నగర్. స్కూలు బండికి క్లచ్ ప్లేటు వేయించాను," అన్నారు. మజ్జిగ పోసుకుంటూ చెప్పారు. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆయన మాటల్లో నాకు దొరికిన మొదటి అబద్ధం అది.

పొద్దున్న పూజలో సగం శ్లోకాలు తప్పాను. దీపం ముందు కూర్చుంటే నీలం రంగే కనబడుతోంది. ఎనిమిదిన్నరకి మా ఆయన కాఫీ కూడా తాగకుండా సెల్లార్‌లోకి దిగారు. ఈ రోజు అడిగేయాలనుకుని, రెండు గ్లాసుల్లో కాఫీ పోసుకుని నేనూ దిగాను.

కింద ఆయన ఒక్కరే లేరు. గౌస్ మొహియుద్దీన్ గారు కారు లోపల తల పెట్టి ఉన్నారు. మెయిన్ రోడ్డు వెనక గల్లీలో కార్లకి సీట్లు, టాపులు కుట్టే దుకాణం ఆయనది. మా స్కూలు కార్ల సీట్లు ఎన్నిసార్లు కుట్టారో ఆయనకే తెలియదు. మా ఆయనకి ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు.

"సలాం భాభీ. కాఫీ తెచ్చినవా, పానం లేచొచ్చింది," అన్నారు తల బయటికి తీసి. "గీ టాపు సంగతి ఏందో సమజైతలేదు. బట్ట మంచిగున్నది, కుట్లు మంచిగున్నయి. ఫ్యూజులు సుత చూసిన. బటన్ నొక్కితే కుయ్యిమని ఊకుంటది."

"బ్యాటరీ దిగిందేమో," అన్నారు మా ఆయన. నా వైపు చూడలేదు.

"బ్యాటరీ దిగితే లైట్లెట్ల వెలుగుతయి మాస్టర్‌సాబ్? నీ స్కూల్ల గిదేనా నేర్పుడు?"

కాఫీ ఇచ్చి అక్కడే నిలబడ్డాను. తొమ్మిది రోజులుగా దూరం నుంచి చూడటమే కానీ, దగ్గరికి రావడం అదే మొదలు. నేల మీద పడుకున్నట్టు ఉంది. పై అంచు నా భుజం దాకా కూడా రాలేదు. సీట్లు లేత గోధుమ రంగు తోలు. తల ఆనించే చోట చిన్న చిన్న జాలీలు ఉన్నాయి.

"ఇవెందుకండీ?" అని అడిగాను. నిజంగా తెలుసుకుందామని కాదు. ఎక్కడో ఒకచోట మాట మొదలుపెట్టాలి కదా.

"మెడ దగ్గర వేడి గాలి వస్తుంది రత్నం. టాపు తీసి నడిపేటప్పుడు చలేయకుండా," అన్నారు మా ఆయన. పాఠం చెప్పే గొంతు వచ్చేసింది. "బటన్ నొక్కితే పన్నెండు సెకన్లలో టాపు దానంతట అదే మడుచుకుంటుంది. నడుస్తున్నా సరే, యాభై లోపు స్పీడయితే తెరుచుకుంటుంది. ఇక పికప్ అంటావా, నిలబడ్డ చోటి నుంచి వంద అందుకోవడానికి నాలుగున్నర సెకన్లు."

"అమీర్‌పేటలోనా?"

గౌస్ గారు కాఫీ పొలమారేలా నవ్వారు. "అడుగు భాభీ, మంచిగ అడుగు. ఎండకాలం టాపు తీస్తే తలకాయ మాడుతది. వానకాలం తీస్తే బనియన్ తడుస్తది. చలికాలం ఒక్క పది దినాలు. గా పది దినాలల్ల సుత మెడకు వేడి గాలి కావాలె. గా బండికి కోటి రూపాయలు."

మా ఆయన నవ్వలేదు. మళ్ళీ బటన్ నొక్కారు. కారు కుయ్యిమని మూలిగి ఆగింది. లోపల తెర మీద ఒక చిన్న కారు బొమ్మ వచ్చింది. దాని తోక దగ్గర పసుపు రంగు గీత వెలిగి ఆరింది. కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. ఆయన కళ్ళజోడు పైనే మరిచిపోయి వచ్చారు. గౌస్ గారికి ఇంగ్లీషుతో పని లేదు. నాకు అంత త్వరగా చదవడం రాదు.

అప్పుడు నా చూపు ఎడమ సీటు ముందు కాళ్ళ కింద పరిచిన పట్టా మీద పడింది. కొత్త పట్టా. కుడి పాదం ఆనే చోట మాత్రం గుంట పడి, నూలు నలిగి ఉంది. ఆ గుంట నాకు తెలుసు. సినిమాకి వెళ్ళినా, బస్సెక్కినా, ఎవరి కారులో కూర్చున్నా, ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే మా ఆయన కుడి కాలు నేలని తొక్కుతుంది. ముప్ఫై ఏళ్ళు పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కిన కాలది. ఈ బండిలో ఆ వైపు బ్రేకు లేదు. ఉత్త పట్టాని తొక్కుతూ కూర్చున్నారన్నమాట. అంటే ఆవిడకి నేర్పుతున్నారు. నేర్పుతుంటే నాకు చెప్పడానికేం? అబద్ధం ఎందుకు? కొంచెం ఊరట కలిగినట్టే కలిగి, అంతకన్నా ఎక్కువ అయోమయం కమ్ముకుంది.

"మడిచిన టాపు ఎక్కడికి పోతుంది?" అని అడిగాను.

"డిక్కీలకు పోతది భాభీ. పైభాగంల ముడుసుకొని కూసుంటది."

"డిక్కీలో ఏమైనా ఉందా?"

ఇద్దరూ నా వైపు చూశారు.

"అది కాదండీ," అన్నాను. "మా అటక మీద బొంతలు పెట్టే చోట గిన్నెలు ఉంటే బొంతలు పట్టవు కదా. అందుకని."

గౌస్ గారు తల మీద టోపీ సర్దుకుని, "ముప్ఫై ఐదేండ్ల సంది టాపులు కుడుతున్న. అర్ధగంట సంది పెయ్యంత చెమట. డిక్కీ తెరిచి చూద్దామని మాత్రం సోచాయించలే," అన్నారు. "మాస్టర్‌సాబ్, నువ్వన్న తెరిచినవా?"

"నాకు డిక్కీతో పనేముంది?" అన్నారు మా ఆయన. తెరిచారు.

డిక్కీ లోపల టాపు కూర్చునే జాగా కింద ఒక పలక ఉంటుందట. అది కిందికి దించి ఉంటేనే టాపు మడుచుకుంటుంది. ఎవరో ఆ పలకని పైకెత్తేసి, పాత తువ్వాలు చుట్టిన మూట ఒకటి అక్కడ పెట్టారు. మోగకుండా ఉండాలని పిన్నీసులు కూడా పెట్టారు. గౌస్ గారు దాన్ని బయటికి తీసి నా చేతికిచ్చారు. బరువుగా ఉంది. చేతికి తగిలిన గుండ్రం, అంచు దగ్గర చిన్న సొట్ట. తువ్వాలు విప్పకముందే నాకు తెలిసిపోయింది. అయినా విప్పాను. మూత మీద అక్షరాలు కొంచెం అరిగాయి కానీ చదవడానికి వస్తున్నాయి. రత్నమాల, 14-5-1989.

"ఎవలది భాభీ గిది?"

"నాది," అన్నాను.

గౌస్ గారు ఒకసారి నన్ను, ఒకసారి మా ఆయన్ను చూసి, ఖాళీ గ్లాసులు రెండూ తీసుకుని, "గివి కడుక్కొస్త," అని కుళాయి వైపు వెళ్ళిపోయారు. సెల్లార్‌లో కుళాయికి నీళ్ళు రాక ఏడాది అయింది.

"ఇది ఎవరింట్లో ఉందండీ ఇన్నాళ్ళూ?"

ఆయన డిక్కీ అంచు పట్టుకుని నిలబడ్డారు. "చెప్పనని మాటిచ్చాను రత్నం."

"నిన్న కారు నడిపినావిడకా?"

ఆయన ముఖంలో రంగు మారింది. "చూశావా?"

"గుడి నుంచి వస్తూ చూశాను. మీరు సనత్‌నగర్ అన్నారు."

"అది కూడా మాటలో భాగమే," అన్నారు నెమ్మదిగా.

మాట నిలబెట్టుకోవడానికి అబద్ధం ఆడితే, దాన్ని పుణ్యం వైపు పెట్టాలా, పాపం వైపు పెట్టాలా? నాకు చదువు తక్కువ. పురాణం చెప్పేవాళ్ళు ఇలాంటివి చాలా సులువుగా తేల్చేస్తారు. సెల్లార్‌లో సొంత డబ్బా పట్టుకుని, సొంత మొగుడి ముందు నిలబడితే అంత సులువుగా తేలలేదు. "నాకు చెబితే నేను ఎవరికి చెబుతాననుకున్నారు?" అన్నాను.

"నువ్వు బాబాకి చెబుతావు. పైకే చెబుతావు. పక్కన కూర్చున్నవాళ్ళకి వినబడుతుంది."

కోపం రావలసిన చోట నవ్వు రాబోయింది. ఆపుకున్నాను.

ఇంతలో వాచ్‌మన్ ఐలయ్య ర్యాంపు మీది నుంచి కేకేశాడు. "సారూ, మీ కోసం ఒక మేడం వచ్చిండ్రు." అతని వెనకే ఒకావిడ గోడ పట్టుకుని దిగుతున్నారు. నేత చీర, కాళ్ళకి పిల్లలు వేసుకునే ఆటల బూట్లు, ఒక మోకాలికి పట్టీ. నెరిసిన జుట్టు ముడి వేసుకున్నారు. అరవై ఏడు, అరవై ఎనిమిది ఉంటాయి. నిన్నటి ఆవిడే. వచ్చీ రాగానే ఆవిడ చూపు నా చేతుల మీదే పడింది.

"అయ్యో," అన్నారు. "దయచేసి అది మళ్ళీ డిక్కీలో పెట్టేయండమ్మా. అది మీకు ఇలా అందకూడదు."

నా డబ్బా నాకు అందకూడదట. "పెడితే టాపు తెరుచుకోదండీ," అన్నాను.

"దాని వల్లా?" ఆవిడ అక్కడున్న సిమెంటు దిమ్మ మీద కూర్చుండిపోయారు. "మాస్టారూ, ఇక చెప్పేయండి. కాదు, నేనే చెబుతాను. మీరు మాట తప్పినట్టవుతుంది."

ఆవిడ పేరు అరుణాదేవి. బంజారా హిల్స్‌లో ఇల్లు. ఇరవై రెండేళ్ళ కిందట ఇంట్లో తెలియకుండా మా ఆయన స్కూల్లో చేరారట. పొద్దున్న వాకింగ్‌కి అని చెప్పి ఆటోలో వచ్చి నేర్చుకునేవారు. "ఇంట్లో అందరికన్నా ముందు లేచి, ఏమీ తినకుండా వచ్చేదాన్ని. స్టీరింగు పట్టుకుంటే చేతులు వణికేవి. మాస్టారు అది భయం అనుకోలేదు, ఆకలి అనుకున్నారు. ఒకరోజు పులిహోర తెచ్చారు. కారులోనే కూర్చుని తిన్నాను. ఆ రోజు మొదటిసారి మాస్టారు బ్రేకు తొక్కాల్సిన అవసరం రాలేదు. మిగిలింది డబ్బాతో సహా ఇంటికి తీసుకెళ్ళాను. ఆ సాయంత్రమే మా ఆయన నా బ్యాగులో లెర్నింగ్ లైసెన్సు చూశారు. చింపేశారు. నేర్పినవాళ్ళెవరో చెప్పమన్నారు. చెప్పి ఉంటే మాస్టారి స్కూలు మిగిలేది కాదు. అప్పట్లో ఆయన పలుకుబడి అలాంటిది."

"మరి డబ్బా?"

"మూత మీద పేరుందిగా. పేరు పట్టుకుని అడ్రసు పట్టేస్తారని బియ్యం డ్రమ్ములో అడుగున దాచాను. వంటమనిషి మారినప్పుడల్లా డబ్బా చోటు మార్చేదాన్ని." ఆవిడ మోకాలి పట్టీ సర్దుకున్నారు. "స్కూలుకి ఒకసారి ఫోన్ చేసి, నా సంగతి ఎవరికీ చెప్పొద్దని మాస్టారి దగ్గర మాట తీసుకున్నాను. డబ్బా మాత్రం నేనే కారు నడుపుకుంటూ మీ గేటు దాకా వచ్చి, మీ చేతిలోనే పెడతానన్నాను. ఆయన నవ్వి, సరే అన్నారు."

పోయిన ఏడాది ఆవిడ భర్త పోయారు. ఈ కారు ఆయన ముచ్చట. ఆదివారం ఆదివారం ఆయనే నడిపేవారట. పక్క సీట్లో ఆవిడని కూర్చోబెట్టింది రెండుసార్లు. ఇప్పుడు బండి ఆవిడ పేరు మీదికి మారింది. కొడుకు వంశీధర్ అమ్మకానికి పెట్టాడు. కొనేవాళ్ళు ఈ రోజు పదకొండు గంటలకి వస్తున్నారు. రెండు నెలలుగా ఆవిడ స్కూలు బండి మీద నేర్చుకుంటున్నారట. సర్వీసింగుకి ఇచ్చానని కొడుక్కి చెప్పి, ఈ బండిని పది రోజులు ఇక్కడ పెట్టించి దీని మీద కూడా చెయ్యి తిప్పుకున్నారు. మొన్న సోమవారం లైసెన్సు వచ్చింది.

"నిన్నే వచ్చేదాన్నమ్మా. నేనే సున్నుండలు చుట్టి డబ్బా నింపి, మాస్టారు మా వీధికి తెచ్చిన ఈ బండి డిక్కీలో పెట్టుకుని బయల్దేరాను. పంజాగుట్ట దాటాక వెనక నుంచి బస్సు హారన్ కొట్టింది. కాళ్ళు బిగుసుకుపోయాయి. దిగిపోయి ఆటో ఎక్కాను. మాస్టారే బండి తెచ్చి ఇక్కడ పెట్టారు. ఈ రోజు తప్పితే నాకు మళ్ళీ కారు ఉండదు."

టైము చూశాను. తొమ్మిదీ పది. నా చేతిలో డబ్బా ఉంది. తీసుకుని పైకి వెళ్ళిపోవచ్చు. అలా వెళితే ఆవిడ ఇరవై రెండేళ్ళు దాచింది దేనికి?

"అయితే ఇప్పుడు తీసుకురండి," అన్నాను. "పంజాగుట్ట దాకా వెళ్ళి తిరిగి రండి. నేను గేటు దగ్గర నిలబడతాను."

"పదండి, నేను పక్కన కూర్చుంటాను," అన్నారు మా ఆయన తలుపు తీస్తూ.

"వద్దు మాస్టారూ. లైసెన్సు వచ్చాక కూడా మీరు పక్కనుంటే అది నేను నడిపినట్టు కాదు." ఆవిడ నా వైపు చూశారు. "ఒక్కదాన్నే అంటే మళ్ళీ కాళ్ళు బిగుసుకుంటాయేమో. మీరు వస్తారా?"

"రత్నానికి బ్రేకు తొక్కడం రాదు," అన్నారు మా ఆయన.

"అక్కడ బ్రేకే లేదు కదండీ," అన్నాను.

ఆ బండిలో కూర్చోవడమంటే ఎక్కడం కాదు, దిగడం. చీర సర్దుకుని డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. అది నా ఒళ్ళోనే ఉంది, అయినా ఇంకా నాకు రాలేదు. గౌస్ గారు పలక దించి డిక్కీ మూశారు. అరుణాదేవి గారు బటన్ నొక్కారు. ఈసారి మూలుగు లేదు. నా తల మీది గుడ్డ వెనక్కి లేచి, మడతలు పడి, చెప్పిన మాట వినే పిల్లలా డిక్కీలోకి వెళ్ళి పడుకుంది. మా ఆయన పెదవులు కదుపుతూ పన్నెండు దాకా సెకన్లు లెక్కపెట్టడం కనిపించింది.

ర్యాంపు చివర బండి అడుగు గీసుకోకుండా ఆవిడ ఏటవాలుగా తిప్పి ఎక్కించారు. మెయిన్ రోడ్డు మీద పడ్డాక స్పీడు పన్నెండు దాటలేదు. ముందు ఆటో, పక్కన ఆటో, వెనక సిటీ బస్సు. బస్సు డ్రైవరు పై నుంచి నా ఒళ్ళోకి చూస్తున్నాడు. కోచింగ్ సెంటర్ల దగ్గర కరపత్రాలు పంచే కుర్రాడు ఒకడు ఆగకుండా నడుస్తూనే నా ఒళ్ళో కాగితం పడేశాడు. నలభై ఐదు రోజుల్లో పైథాన్ నేర్పుతారట. ఇన్నేళ్ళుగా ఈ రోడ్డు మీద నడుస్తున్నాను, పైకి ఎప్పుడూ చూడలేదు. మెట్రో పట్టాల అడుగు భాగం మా నెత్తి మీదే బారుగా పోతోంది. రైలు వెళితే ఆ చప్పుడు నేరుగా డబ్బా మూత మీదికి దిగింది.

"మా ఆయన మిమ్మల్ని ఈ మధ్యలో ఎప్పుడైనా కలిశారా?" అని అడిగాను. అడగకూడదనుకుంటూనే.

"ఒక్కసారి. మా ఆయన పోయినప్పుడు పేపర్లో చూసి వచ్చారు. గేటు దగ్గరే నిలబడి వెళ్ళిపోతుంటే నేనే పిలిచాను."

"డబ్బా అడిగారా?"

"లేదమ్మా. కారు నేర్చుకుంటారా అని అడిగారు."

ఆ మాట విన్నాక నా మనసు తేలికపడాలి. ఇరవై రెండేళ్ళ అనుమానం పోయింది కదా. పోయిన చోటు మాత్రం ఖాళీగా, వింతగా ఉంది. అక్కడ ఏం పెట్టుకోవాలో తెలియలేదు.

పంజాగుట్టకి ముందు ఒక్కసారిగా రోడ్డు ఖాళీ అయింది. ఎదురుగా సిగ్నల్ దాకా ఏమీ లేదు. అరుణాదేవి గారు పెదవి బిగించి కాలు నొక్కారు. వెనక నుంచి ఎవరో చెయ్యి వేసి తోసినట్టు నా వీపు సీటుకి అతుక్కుపోయింది. ఇంజను గొంతు మారింది, బొంగురుగా, కడుపులోంచి వచ్చినట్టు. "బాబా," అన్నాను పైకే. నా కుడి కాలు దానంతట అదే ముందుకు పోయి పట్టాని తొక్కింది. సరిగ్గా మా ఆయన కాలు పడ్డ గుంటలోనే. ఎన్ని సెకన్లో తెలియదు, రెండు ఉంటాయేమో. బండి ఎరుపు లైటు ముందు గీత దాటకుండా, కుదుపు లేకుండా ఆగింది. ఆవిడ చేతులు చూశాను. వణకడం లేదు.

అప్పుడు ఫోన్ మోగింది. ఫోన్‌లో కాదు, కారులో. తలుపుల్లోంచి, తల వెనక నుంచి, అన్ని వైపుల నుంచీ మోగింది. టాపు లేదు కదా, సిగ్నల్ దగ్గరున్న బైకుల వాళ్ళందరూ తిరిగి చూశారు.

"అమ్మా," అంది కారు. మగ గొంతు. "బండి సర్వీసింగులో లేదు. ఫోన్‌లో చూస్తే అమీర్‌పేటలో ఒక సెల్లార్‌లో ఉన్నట్టు చూపించింది. వచ్చేసరికి ఇక్కడ లేదు. ఇప్పుడు చూస్తే పంజాగుట్టలో కనబడుతోంది. ఎవడో నడుపుకుపోతున్నాడు."

"ఎవడో కాదు వంశీ. నేను."

పక్క బైకు మీదున్న అబ్బాయి హెల్మెట్ అద్దం పైకెత్తాడు.

"నీకు డ్రైవింగ్ రాదు కదమ్మా. ఎవరినో కాపాడటానికి చెప్పకు. ఇక్కడ ఒక ముసలాయన ఉన్నాడు, డ్రైవింగ్ స్కూలట. బండి నేనే తెచ్చాను, ఆవిడకేమీ తెలియదు అంటున్నాడు. నేను పోలీసులకి ఫోన్ చేశాను."

నా ఒళ్ళో డబ్బా జారబోయింది. పట్టుకున్నాను. ఆవిడ నోరు విప్పేశారని మా ఆయనకి తెలుసు. అయినా ఆవిడ కొడుకు ఎదురైతే మళ్ళీ అదే మాట పట్టుకుని నిలబడ్డారు. నిన్న నా దగ్గర ఆడిన అబద్ధమే ఇవాళ పోలీసుల దాకా వెళ్ళబోతోంది. అరవై రెండేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళ లైసెన్సు, స్కూలు బోర్డు, అన్నీ ఆ ఒక్క మాట మీద ఉన్నాయి.

"ఆంటీ," అన్నాడు బైకు అబ్బాయి మర్యాదగా, "గ్రీన్ పడ్డది."

అరుణాదేవి గారు యూ టర్న్ తీసుకున్నారు. తిరుగు దారిలో వెనక బస్సు హారన్ కొట్టింది. ఆవిడ కాళ్ళు బిగుసుకోలేదు. నేను బాబాని ఏమీ కోరలేదు. డబ్బా ప్రశ్న తీరిపోయింది కదా, దాని బదులు ఇంకొకటి పైకే అడిగాను: మాట కోసం అబద్ధం ఆడినవాణ్ణి నువ్వు ఏమంటావు? పక్కనున్నావిడకి వినబడింది. ఇక వినబడినా ఫరవాలేదు.

గల్లీ మలుపు తిరిగేసరికి మా గేటు కనిపించింది. ఐలయ్య స్టూలు మీద మా ఆయన కూర్చుని ఉన్నారు. ఆయన ముందు చెయ్యి అడ్డం పెట్టి గౌస్ గారు ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నారు. "ముప్ఫై ఏండ్ల సంది తెలుసు నాకు గా మనిషి. జర తమీజ్‌తోని మాట్లాడు భాయ్." ఎదురుగా నలభై ఏళ్ళ మనిషి, చేతిలో ఫోను. వాళ్ళ వెనక పోలీసు బైకు అప్పుడే వచ్చి ఆగుతోంది. కానిస్టేబులు దిగుతూ నీలం కారుని, అందులో ఇద్దరు ఆడవాళ్ళని చూసి, ఎటు నడవాలో తెలియక ఆగిపోయాడు.

"అమ్మా, దిగు," అన్నాడు వంశీధర్. అంతలోనే స్టీరింగు మీదున్న తల్లి చేతుల్ని చూశాడు. చేతిలోని ఫోను కిందికి దించాడు.

అరుణాదేవి గారు కొడుకు వైపు చూడలేదు. బండిని సరిగ్గా గేటు మధ్యలోకి తెచ్చి ఆపారు. ఇంజను ఆపారు. నా ఒళ్ళోంచి డబ్బా తీసుకున్నారు. నెమ్మదిగా దిగి, మోకాలు పట్టుకుని, బారెడు బానెట్టు చుట్టూ తిరిగి నా వైపుకి వచ్చారు. తలుపు తీశారు. నేను కిందికి దిగి, కొంగు సర్దుకుని గేటు లోపలికి ఒక అడుగు వేసి నిలబడ్డాను. కానిస్టేబులు "ఎవరమ్మా ఇక్కడ హనుమత్ప్రసాద్?" అని అడుగుతున్నాడు. మా ఆయన స్టూలు మీది నుంచి లేస్తున్నారు.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నారు అరుణాదేవి గారు అతనితో. తర్వాత డబ్బాని రెండు చేతులతో నా ముందుకి చాపారు. "ఆలస్యమైందమ్మా. ఖాళీగా తేలేదు."

రెండు చేతులతో అందుకున్నాను.